అగ్గిపెట్టె మీది చేతులు

పొద్దున గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి లైటరు నొక్కాను. టిక్కుమంది తప్ప నిప్పురవ్వ రాలేదు. అది చచ్చి చాలా రోజులైంది, ఒప్పుకోనిది నేనే. "దాంతో ఇంకా ఏం కొట్లాడతారు అత్తమ్మా, సాయంత్రానికి కరెంటు పొయ్యి వస్తా ఉండాది కదా" అంది కోడలు హాల్లోంచి. నేను పై అరలోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీశాను. మందు కాలిన ఘాటు వాసన ముక్కుకు తగలగానే వేలూరు సత్తువాచారిలోని ఈ మూడో అంతస్తు వంటిల్లు ఎటో వెళ్ళిపోయింది. గుడియాత్తంలో పొడుగాటి పెంకుల షెడ్డు, అందులో వరసగా కూర్చుని చెక్క చట్రాల్లో పుల్లలు పేరుస్తున్న ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగే రాజమాణిక్యం మామ కనిపించారు. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ ఆయన వస్తాడు. వచ్చి ఊరుకోడు, ఏదో ఒకటి అడుగుతాడు.

మామ అన్నానే గానీ ఆయన నాకు మేనమామ కాదు. మా నాన్న లుంగీల అంగడికి ఎదురింటాయన. అగ్గిపెట్టెల కార్ఖానా నడిపేవాడు. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆయనే. తరవాత వేలూరులో నాలుగైదు ప్రెస్సుల్లో బొమ్మలు గీశాను గానీ, నా యజమాని ఎవరని అడిగితే ఇప్పటికీ నోటికి వచ్చేది ఆయన పేరే. పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట భూతద్దం ఉండేది. కుర్రతనంలో మా వీధి చివర పార్టీ పఠన మందిరంలో కూర్చుని, చదువు రానివాళ్ళకు తమిళ పేపరు గట్టిగా చదివి వినిపించేవాడట. ఆ రోజుల్లోనే కార్ఖానా బోర్డు మీద తన పేరు చివర ఉన్న 'నాయుడు' అన్న ముక్క మీద తెల్లరంగు పూయించాడు. ఆ పూట వాళ్ళమ్మ అన్నం ముట్టలేదు. చుట్టాలు తమ ఇళ్ళ శుభలేఖల్లో ఆ ముక్కను పట్టుబట్టి అచ్చు వేయించేవాళ్ళు, ఈయన పెన్ను అరువడిగి మరీ కొట్టేసేవాడు. ఈ యుద్ధం నాకు తెలిసి ముప్పయ్యేళ్ళు నడిచింది, ఎవరూ గెలవలేదు.

మేమందరం ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుకున్నవాళ్ళం. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నవి. మామకు చివరిదాకా రాలేదు. ఆయన మాటలు ఆయన చదవలేని లిపిలో పెడుతున్నానని కొంచెం బాధగానే ఉంది.

ఉద్యోగం కోసం మా నాన్న నన్ను ఆయన దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు, క్యాలెండరు చూసి గీసిన లక్ష్మీదేవి బొమ్మ చంకలో పెట్టుకుని పోయాను. దేవుడి జోలికి పోని మనిషి దగ్గరికి దేవత బొమ్మతో పోవడం ఎంత తెలివైన పనో అప్పుడు తట్టలేదు. ఆయన భూతద్దంతో బొమ్మ అంతా చూసి, "చెయ్యి బాగా వేసినావమ్మా" అన్నాడు. మొహం గురించి ఒక్క మాట అనలేదు. తరవాత బల్ల మీద ఒక అగ్గిపెట్టె పెట్టి, "దీనికి ముందు ఏముండేది?" అన్నాడు.

"చెకుముకి రాయి" అన్నాను.

"దానికీ దీనికీ నడాన?"

నాకు తెలియదు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. జర్మనీలో ఒకాయన బంగారం చేద్దామని మూత్రం కాచి కాచి, బంగారం బదులు చీకట్లో మెరిసే పదార్థం ఒకటి సంపాదించాడట. చాలా కాలానికి దాన్ని పుల్ల కొసకు అంటించి అగ్గిపుల్ల చేశారట. ఆ కార్ఖానాల్లో పనిచేసిన ఆడవాళ్ళకు ఆ పొగ తగిలి దవడ ఎముక పుచ్చిపోయేదట. ఆ విషం లేని ఎర్ర రకాన్ని కనిపెట్టి, పుల్లకు కాకుండా పెట్టె పక్కకు పూసిన తరవాతే వాళ్ళ మొహాలు దక్కాయట. "ఈ పక్కనుండే ఎర్రపూత ఉత్త రంగు కాదమ్మా. రొంబ మంది దవడలు ఇచ్చి కొనుక్కున్నది" అన్నాడు. నేను ఆ పెట్టెను చేతిలోకి తీసుకోవడానికి జంకాను. అది చూసి ఆయన నవ్వి, రేపటి నుంచి రమ్మన్నాడు.

ఆయన నన్ను పిలిచింది ఒక పిచ్చి పనికి. వాళ్ళ నాన్న కాలం నుంచి ఆ కార్ఖానా అగ్గిపెట్టె మీద ఉన్నది నెమలి బొమ్మ. మామ దాన్ని తీసేసి, మనిషి ఈ నాలుగైదు వందల ఏళ్ళలో ఏమేమి కనిపెట్టాడో బొమ్మలుగా వేయించాలనుకున్నాడు. డజను పెట్టెల కట్టలో పన్నెండు పెట్టెలకు పన్నెండు బొమ్మలు. అచ్చు యంత్రం దగ్గర మొదలై మన కాలం దాకా రావాలి. "బుక్కు కొనేవాళ్ళు ఊరికి పది మంది ఉండారేమో. పొయ్యి వెలిగించనోళ్ళు యాడుండారు?" అనేవాడు.

ఇది వినగానే వేలూరు నుంచి గోపాలచెట్టిగారు బస్సెక్కి వచ్చేశాడు. మా సరుకంతా బజారుకు పంపే టోకు వర్తకుడు ఆయన. "ఏమప్పా, నీకేమైనా అయిందా? మన జనం చదివి కొంటారా? నెమలి అగ్గిపెట్టి ఇయ్యి అంటారు, చూస్తారు, పట్టుకుపోతారు. నెమలి లేకుంటే దొంగసరుకు అంటారు. కట్టలు నా మొహాన కొడతారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అంగడికి వచ్చే ముసలమ్మకు అగ్గిపెట్టె అంటే ఆ బొమ్మే. అది మారిస్తే సరుకు ఆగిపోవచ్చు, సరుకు ఆగితే ఆ షెడ్డులో ఉన్న ఆడవాళ్ళందరి పొయ్యిలూ ఆగుతాయి. మామకు అది తెలుసు. మూల గోరంత నెమలిని ఉంచుతానని చెట్టిగారికి మాటిచ్చి పంపాడు. ఆ గోరంత నెమలిని గీయడానికి నా కళ్ళు పోయాయి.

నేను మొదట గీసింది దూరదర్శిని. ఇటలీలో గొట్టం ఆకాశానికి ఎత్తి చంద్రుడి మీద కొండలు చూసినాయనను వేశాను. గడ్డం, పెద్ద కళ్ళు, తల వెనక కొంచెం వెలుగు. నాకు వచ్చిన విద్య అదే మరి. మామ ఆ బొమ్మను షెడ్డులోకి తీసుకుపోయి గోడకు పెట్టించాడు. మర్నాడు మేము పోయేసరికి దానికి కనకాంబరాల దండ పడింది, నుదుట కుంకుమ కూడా ఉంది. ఎవరు పెట్టారని అడిగితే, పుల్లలు పేర్చే ఆడవాళ్ళకు పెద్దగా ఉండే సరోజమ్మ, "ఎవరో పెద్దాయన మాదిరి ఉండాడు కదా మొదలాళీ, బోసిగా ఉంటే బాగుండదని నేనే పెట్టినాను" అంది. యజమానిని అక్కడ అందరూ మొదలాళి అనే పిలిచేవాళ్ళు.

మామ నన్ను పక్కకు పిలిచి, "చూస్తివా? మన ఊళ్ళో మొహం కనిపిస్తే దండ వేస్తారు. సామికీ వేస్తారు, సినిమావాడికీ వేస్తారు, సామి లేడన్నోడికీ వేస్తారు. దండ వేసినాక ఇంక ఆయన్ని ఏమీ అడగరు. మొహాలు వద్దు, పేర్లు వద్దు. చేతులు వెయ్యి" అన్నాడు.

అలా మా లేబుళ్ళలో మొహాలు లేకుండా పోయాయి. గొట్టాన్ని పట్టుకున్న చేతులు, సీసపు అక్షరాలు పేర్చే చేతులు, ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే చేతులు. మశూచి టీకా కథకు మామ డాక్టరు చేయి వద్దన్నాడు. పాలు పితికే అమ్మాయి చేతి మీద ఆవు నుంచి అంటిన పొక్కు ఉంటుందే, అది వెయ్యమన్నాడు. ఆ పొక్కు సరిగ్గా రావడానికి మూడు కాగితాలు చింపించాడు. అప్పట్లో విసుగేసింది. ఇప్పుడు వేలూరు పెద్దాసుపత్రి ముందు పిల్లలను ఎత్తుకుని నిలబడ్డ తల్లుల వరస చూస్తే ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఏ బొమ్మకు ఆ బొమ్మ తయారవగానే శివకాశిలో లేబులు అచ్చు వేయించి, పాత నెమలితో కలిపి కట్టలో పెట్టేవాళ్ళం. గండం వచ్చింది మూడో బొమ్మకు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పే బొమ్మ అది. నడుమ కిరణాలతో సూర్యుడు, చుట్టూ గీతలు గీస్తున్న చేతులు. సరుకు బజారులో పడేనాటికి ఎన్నికలు వచ్చాయి. మా దగ్గర ఒక పార్టీ గుర్తు సూర్యుడు. పఠన మందిరం నాటి స్నేహం మరచిపోలేదని ఆ పార్టీవాళ్ళు వచ్చి మామకు శాలువా కప్పిపోయారు. ఆ మర్నాడే ఎదుటి పార్టీ అంగళ్ళవాళ్ళు కట్టలు వెనక్కి పంపారు. సాయంత్రం బస్సులో చెట్టిగారు దిగాడు.

"సూర్యుణ్ణి నడాన పెట్టినావు కాబట్టే కదప్పా ఈ తలనొప్పి. కొంచెం పక్కకు జరుపు. మూలకు పెట్టేస్తే ఎవురూ ఏమీ అనరు."

మామ లేబులును ఆయన ముందు పెట్టాడు. "చెట్టిగారూ, సూర్యుణ్ణి పక్కకు జరపమని అడిగినోళ్ళలో మీరు మొదటోరు కాదు. మీకంటే రొంబ పెద్దోళ్ళే అడిగినారు" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. చెట్టిగారికి ఎందుకు నవ్వుతున్నానో అర్థం కాక ఇంకా కోపం వచ్చింది.

సూర్యుడు కదల్లేదు గానీ మామ ఇంకో ఉపాయం చేశాడు. సూక్ష్మదర్శిని బొమ్మ అప్పటికే గీసి ఉంది. అద్దం కింద ఆకు పెడుతున్న చేతులు. రెండో పార్టీ గుర్తు ఆకులే. ఆ లేబులు తొందరగా అచ్చు వేయించి, ప్రతి కట్టలోనూ సూర్యుడి పెట్టెలు ఎన్ని ఉంటే ఆకు పెట్టెలు అన్ని పెట్టించాడు. ఆ పార్టీ మనిషి ఒకడు పెట్టెను తిప్పి తిప్పి చూసి, "మా గుర్తుకు రెండాకులు ఉండాల కదా, ఇంకోటి యాడ?" అన్నాడు. "అద్దం కింద ఒకటే పడతాదప్పా" అన్నాడు మామ. అతను ఒప్పుకుని టీ తాగిపోయాడు.

చెట్టిగారు భయపడ్డట్టు సరుకు ఆగలేదు. జనం వాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. మా వైపు పెట్టెను పెట్టి అంటారు. దూరదర్శిని 'కుళాయి పెట్టి' అయింది, ఆవిరి యంత్రం 'ఇడ్లీ కుండ పెట్టి' అయింది. నేను చిన్నబుచ్చుకుంటే మామ సంతోషపడ్డాడు. "పేరు పెట్టినారంటే చూసినారనే కదమ్మా. చూసినోడు ఎప్పుడో ఒకనాడు అడగతాడు" అన్నాడు. అడిగారు కూడా. పుల్లలు పేరుస్తూ పేరుస్తూ సరోజమ్మే, ఆవిరికి అంత బలం ఎట్ల వస్తాదని అడిగింది. మామ ఆ మధ్యాహ్నం పని ఆపించి, మూత పెట్టిన చెంబులో నీళ్ళు మరగబెట్టి షెడ్డు బయట చూపించాడు. మూత ఎగిరి ఆయన కాలి మీదే పడింది. ఆ రోజు షెడ్డంతా నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పదకొండు బొమ్మలు అయ్యాయి. పన్నెండోది ఏమిటని అందరం పందేలు వేసుకున్నాం. రాకెట్ అన్నాను నేను. కంప్యూటర్ అన్నాడు శివకాశి ప్రెస్సాయన. మామ వేలూరు వెళ్ళి వచ్చి సంచిలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. గ్యాసు పొయ్యి లైటరు. అప్పటికి అది మా ఊళ్ళో డాక్టర్ల ఇళ్ళలో, ఆఫీసర్ల ఇళ్ళలో తప్ప లేదు. ఆయన నొక్కి చూపించాడు. నీలం రవ్వ ఎగిరింది. అగ్గిపుల్ల అవసరం లేని నిప్పు.

"ఇదే పన్నెండోది" అన్నాడు.

అగ్గిపెట్టె కొనవద్దని చెప్పే బొమ్మను అగ్గిపెట్టె మీద వేయడమేమిటి? వేలూరు నుంచి మామతోనే వచ్చిన చెట్టిగారు ఈసారి అరవలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. "నీ గొయ్యి నువ్వు తవ్వుకో. ఈ ఆడోళ్ళను కూడా ఎందుకప్పా అందులో దించుతావు?" అని మెల్లగా అన్నాడు.

మామ కుర్చీలో కూర్చున్నాడు. "అచ్చు యంత్రం వచ్చినప్పుడు చేత్తో రాసేవాళ్ళ పని పోయింది. మరమగ్గం వచ్చినాక ఈ ఊళ్ళో ఎన్ని గుంటమగ్గాలు మూలపడినాయో మీకు తెలుసు. అన్నిటికీ మనం బొమ్మలేసి చప్పట్లు కొట్టినాము. ఇప్పుడు మన వంతు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటే, నేను ఇన్నాళ్ళూ చెప్పిందంతా అబద్ధం అయిపోతాది. నేను చూడకపోతే అది రాకుండా నిలబడిపోతాదా?"

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న సరోజమ్మ లోపలికి వచ్చింది. లైటరు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఒకసారి నొక్కి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"మంచి వస్తువే మొదలాళీ. చెయ్యి కాలదు. కానీ ఒక మాట. ఇన్ని బొమ్మల్లో కనిపెట్టినోళ్ళ చేతులు ఉండాయి. పని పోయినోళ్ళ చేతులు యాడ? దీనికి ముందు ఏముండేది, దీనికి ముందు ఏముండేది అని మాకు రొంబ చెప్పినారు. దీని తరవాత మేము యాడ ఉంటాము, అది చెప్పండి."

మామ దగ్గర ప్రతి ప్రశ్నకూ ఒక కథ ఉండేది. దీనికి లేదు. "నాకు తెలీదు సరోజా" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. ఆ క్షణంలో ఆయన మీద నాకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. నా వైపు తిరిగి, "వసంతా, సరోజ చేతులు వెయ్యమ్మా. లైటరు పైన చిన్నదిగా ఉండనీ. కింద పెద్దగా ఆమె చేతులు. చట్రంలో పుల్లలు పేరుస్తా ఉండాల" అన్నాడు.

సరోజమ్మ రెండు పూటలు నా ముందు కూర్చుంది. బొటనవేలి పక్క మందు అంటుకుని కాలిన పాత మచ్చ ఒకటి ఉంది. వదిలేద్దామా అని అడిగాను. "ఎందుకు వదలాల? అది లేకుంటే ఎవురి చేతులని తెలస్తాది?" అంది. నేను గీసిన బొమ్మల్లో నాకు ఇష్టమైనది ఏదని ఎవరూ అడగలేదు గానీ, అడిగితే ఆలోచించకుండా చెబుతాను.

పన్నెండో లేబులు బజారుకు పోయింది. ఏమవుతుందో అని మేము గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్నాం. ఏమీ కాలేదు. లైటరును ఎవరూ గుర్తు కూడా పట్టలేదు. దానికి 'చేతుల పెట్టి' అని పేరొచ్చింది, మిగిలిన వాటికంటే కొంచెం ఎక్కువే పోయింది. చెట్టిగారు ఆ సంగతి ఒప్పుకోవడానికి మళ్ళీ బస్సెక్కి రాలేదు, మనిషితో కబురు పంపాడు.

మామ మాత్రం మారిపోయాడు. కథలు చెప్పడం తగ్గించి వేలూరు తిరగడం మొదలుపెట్టాడు. మందుల అంగళ్ళకు, ప్రెస్సులకు తిరిగి తిరిగి, మందుల అట్టపెట్టెలు మడిచి అంటించే పని తెచ్చాడు. షెడ్డులో ఒక మూల ఆ పని మొదలైంది. అగ్గిపెట్టెలు అంటించిన వేళ్ళకు అది కష్టం కాలేదు. లైటర్లు నిజంగానే ఇంటింటికీ వచ్చి, యంత్రాల కార్ఖానాల పెట్టెలు బజారు నిండా పరుచుకుని, నెమలి పెట్టి అడిగే ముసలమ్మలు ఒక్కొక్కరే పోయేనాటికి, ఆ మూల షెడ్డంతా అయింది. అందరూ దక్కలేదు. కొందరు బీడీలకు పోయారు, కొందరు ఇంట్లో కూర్చున్నారు. మామకు ఆ పోయినవాళ్ళ పేర్లు చివరిదాకా గుర్తున్నాయి. సరోజమ్మ అట్టపెట్టెల దగ్గరే ముసలిదయింది, అక్కడా ఆమే పెద్ద.

చివరి చట్రం పుల్లలు మందులో ముంచిన రోజు నేను వేలూరు నుంచి వెళ్ళాను. ఏడుపు ముంచుకొచ్చింది, దాచుకోలేదు. మామ జేబులోంచి భూతద్దం తీసి నా చేతిలో పెట్టాడు. "ఎందుకమ్మా ఏడస్తావు? నెమలిని గీసి నీ కళ్ళు పోయినాయని చెప్పినావు కదా, పెట్టుకో" అన్నాడు. సరోజమ్మ వైపు చూపించి, "నేను సగం ప్రశ్నే అడగతా ఉన్నాను ఇన్నాళ్ళూ. మిగిలిన సగం ఆమె అడిగింది. నువ్వు రెండూ అడుగు" అన్నాడు. ఆయన పోయాక చుట్టాలు వేయించిన కార్డు మీద మళ్ళీ 'నాయుడు' అని ఉంది. నాకు వచ్చిన కార్డులో నేను కొట్టేశాను.

సాయంత్రం కరెంటు పొయ్యి వచ్చింది. నల్లటి అద్దం పలక. మంట లేదు, పొగ లేదు, వాసన లేదు. కోడలు గిన్నె పెట్టి వేలు ఆనించింది, నీళ్ళు మరిగాయి. నాకు నిజంగానే ముచ్చటేసింది. మామ ఉంటే కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చునేవాడు.

"దీనికి ముందు ఏముండేది?" అని అడిగాను.

"ఇదే కదత్తమ్మా" అంటూ కోడలు నవ్వి, పాత లైటరును చెత్తబుట్ట వైపు తీసుకుపోతోంది. నేను ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు అది సరోజమ్మ పని తీసిన వస్తువు. దాని లోపలి స్ప్రింగును కూడా ఎవరో ఒక చోట వరసగా కూర్చుని బిగించి ఉంటారు. వాళ్ళు ఇప్పుడు యాడ ఉంటారు? నాకు తెలియదు. గదిలోకి పోయి బీరువాలోంచి భూతద్దం, పన్నెండో లేబులు తీశాను. బొటనవేలి పక్క మచ్చ ఇంకా స్పష్టంగానే ఉంది. లైటరును చీర కొంగుతో తుడిచి, ఆ చేతుల పక్కన పెట్టాను.